వెనక మూసేసిన తొడుగులు

కాల్చింది మీరే. ఇంట్లో మెత్తటి కుర్చీలో జారబడి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, "నీ వైపు ఏదో గుయ్యిమంటోంది, ముందు అది ఆపు" అని విసుక్కున్నారే, మీరు. ఆ విసుగు వినగానే చేతులు నలుపుకుంటూ పరుగెత్తి గాలి మూసేసిన కెప్టెనూ, నువ్వు. కిటికీలకు చెక్కలు కొట్టిన గదిని అద్దెకిచ్చి, ఒక్కసారైనా మెట్లెక్కి తొంగి చూడని ఇంటాయనా, నువ్వు. ప్రమాదమని రాసి చేతులు దులుపుకుందామనుకున్న ఇన్‌స్పెక్టరు బాబూ, నువ్వు కూడా.

ప్రమాదమట! ప్రమాదమంటే తెలియకుండా మీదపడేది. ఇది కొలతలు తీసి, గుడ్డ కత్తిరించి, అంచులు మడిచి, గట్టిగా కుట్టించి మరీ చేసిన పని. ఎలా జరిగిందో వినండి.

ఆ సందులో మేడమెట్ల కింద ఒక దర్జీ కొట్టుంది. కొట్టంటే ఒక మిషను, ఒక స్టూలు, గోడ మేకులకు వేలాడే బట్టలు. మిషను తొక్కే మనిషిని సందంతా అక్క అనే పిలుస్తుంది. కెప్టెన్ కూడా అక్కా అనే అంటాడు. కెప్టెనంటే ఓడలు నడిపేవాడు కాదు. ఒకప్పుడు కంప్యూటర్ ఆటల జట్టుకు నాయకుడట, ఆ పేరు అతన్ని వదల్లేదు. ఇప్పుడు ఆ మెట్ల పైగదిలో కుర్రాళ్లను కూర్చోబెట్టి ఆడిస్తున్నాడు. డబ్బున్నవాడికి ఆడాలనుంటుంది, గెలవాలనుంటుంది, చేతకాదు. అలాంటివాళ్ల జట్టులో చేరి, వాళ్లను గెలిపించి, మధ్యమధ్య మైకులో "అబ్బ, ఏం కొట్టారు సార్!" అని ముచ్చటపడటం ఈ కుర్రాళ్ల ఉద్యోగం.

లాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. అవి చవక లాప్‌టాప్‌లు, పెద్ద ఆట తెరవగానే నీరసించిపోతాయి. అందుకని ఒక్కొక్కదాని పక్కన కెప్టెన్ ఒక ఇనప పెట్టె పెట్టాడు. చెప్పుల డబ్బాకంటే కాస్త పెద్దది. లోపల గ్రాఫిక్స్ కార్డు, దానికి కరెంటు అందించే సప్లై, వేడి బయటికి తోసే ఫ్యాన్లు. దాన్నుంచి వచ్చే పొట్టి లావుపాటి కేబుల్ లాప్‌టాప్‌కి గుచ్చితే, అప్పటిదాకా కుంటిన ఆట పరుగందుకుంటుంది. పెట్టె కెప్టెన్‌ది, లాప్‌టాప్ కుర్రాడిది. పెట్టె చెడితే కుర్రాడు కట్టాలి. లాప్‌టాప్ చెడితే? కుర్రాడే ఏడవాలి.

ఆ రోజు కెప్టెన్ చంకలో నల్ల తొడుగుల కట్ట పెట్టుకుని మెట్లు దిగాడు. ముందురోజు అక్క కుట్టి ఇచ్చినవే. లోపల ఫోము, పైన మందపాటి గుడ్డ, అంచు చుట్టూ పైపింగు. పెట్టెకు తొడిగితే చర్మంలా పట్టేస్తాయి.

"పని బంగారం అక్కా. కానీ వెనకాల ఈ బొక్క ఏంటి?"

"బొక్క కాదండీ, కావాలనే వదిలాను. ఏ మిషనుకు కుట్టినా వెనక కాస్త గాలి వదులుతాం."

"గాలితో పాటు గోల కూడా వస్తోందిగా. మా సార్లకు మైకులో ఫ్యాన్ల రొద వినిపిస్తోందట. ఒకాయన అలిగి వెళ్లిపోయాడు కూడా. ఫ్యాన్ల వేగం తగ్గించి చూశాను, చాల్లేదు. ఇది మూసెయ్."

"నడుస్తున్న పెట్టె కదండీ. వేడెక్కదా?"

కెప్టెన్ నవ్వాడు. అతని నవ్వు బాగుంటుంది, అదే అతని పెట్టుబడి. "నువ్వు కుట్టు, నేను ఆడిస్తాను. ఎవరి పని వాళ్లది. సరేనా? సాయంత్రానికి కావాలి."

కాసేపటికి ఆ పైగదిలోనే ఆడే ఆమె సొంత తమ్ముడు టీ తాగడానికి దిగాడు. ఆటలో అతని పేరు పిచ్చుక. మనిషీ అలాగే ఉంటాడు, నిలబడ్డచోట నిలబడడు. వేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా తొడమీద ఏవో మీటలు నొక్కుతూనే ఉంటాయి.

"ఏరా, ఇవి నిజంగా మూసెయ్యొచ్చా?"

"మూసెయ్యి అక్కా. ఎలాగూ పొద్దున్నపూట వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పెట్టెమీద చలి కాచుకుంటాం."

"వెధవ వేషాలు తర్వాత. సరిగ్గా చెప్పు."

పిచ్చుక టీ మీద ఊదుకున్నాడు. "వేడెక్కుతుంది. మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోతుందని కెప్టెన్ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? ఏమన్నా అంటే రేపు నా కుర్చీలో ఇంకొకడుంటాడు. అయినా అంత భయమైతే ఎంబ్రాయిడరీ కూడా వెయ్యి. నాదానిమీద పిచ్చుక బొమ్మ."

"నీ మొహంమీద వేస్తా."

గ్లాసు మిషనుమీద పెట్టి, మెట్లు రెండేసి ఎక్కుతూ వెళ్లిపోయాడు. అక్క తొడుగులు ఒడిలోకి లాక్కుంది. వెనక వదిలిన సందుకు కొలత కట్టి ముక్కలు కత్తిరించింది. ఫోము మిషను పాదం కింద జారిపోతుంటే వేలితో అదిమి పట్టి, మూలల దగ్గర చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే దింపింది. లోపలివైపు ఎవరు చూస్తారని అక్కడ తెల్లదారమే వాడింది. ఊడిరాకూడదని రెండు వరసలు వేసింది. పని పూర్తయ్యాక చెయ్యి లోపలికి దూర్చి, సందెక్కడైనా మిగిలిందేమోనని తడిమి చూసుకుంది. ఎక్కడా మిగల్లేదు. ఆమె కుట్టులో వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకదు. పాడు పనితనం!

కార్డుకైతే వేడెక్కినప్పుడు ఆగిపోయే బుద్ధి ఉందేమో. పెట్టెల్లో పాత సప్లైలు తీసేసి కెప్టెన్ పెట్టించిన చవక సప్లైలకు ఆ బుద్ధి లేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అక్క కాజాలు తీస్తుంటే మెట్లమీద నుంచి రబ్బరు మాడిన వాసన దిగింది. ఆ వెనకే దగ్గులు. కుర్రాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ దిగుతున్నారు. హెడ్‌ఫోన్లు ఇంకా మెడల్లో వేలాడుతున్నాయి. ఒకడి ఫోన్లో ఎవడో సారు "హలో, హలో, చచ్చావా ఏంటి?" అని అరుస్తూనే ఉన్నాడు.

తమ్ముడు అందరికంటే వెనక దిగాడు. లాప్‌టాప్‌ను రెండు ముంజేతుల మధ్య గుండెకు అదుముకున్నాడు. వేళ్లు దానికి తగలకుండా ఎడంగా పెట్టాడు.

"పట్టుకో అక్కా. పడిపోతుంది."

ఆమె లాప్‌టాప్ అందుకున్నాక చూసింది. అరచేతులకు నల్లగా ఏదో అంటుకుని ఉంది. మట్టి అనుకుంది. కొంగుతో తుడవబోయింది. అతను పెట్టిన కేకకు సందు చివరి షాపువాళ్లు కూడా బయటికొచ్చారు.

పైన జరిగింది ఇది. పిచ్చుక పక్కనున్న పెట్టె అంటుకోగానే గుండు అనే కుర్రాడు వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. మిగతావాళ్లు తలుపువైపు పరుగెత్తారు. పిచ్చుక పరుగెత్తలేదు. అతని లాప్‌టాప్ ఆ మండే పెట్టెకు జానెడు దూరంలో కేబుల్‌తో కట్టేసి ఉంది. లాప్‌టాప్ వైపు కేబుల్ ఇరుక్కుని ఊడి రాలేదు. పెట్టె వైపు లాగుదామంటే తొడుగు పీకితేగాని చెయ్యి దూరదు. రెండు చేతులతో తొడుగు పట్టుకుని పీకాడు. బిగువుగా కుట్టిన తొడుగు, తేలిగ్గా రాలేదు. ఫోము కరిగింది.

ఆసుపత్రిలో కట్లు కట్టే గదికి తలుపు లేదు, తెర ఉంది. అక్క తెర లోపలే నిలబడింది. నర్సు లావుపాటి మనిషి, చేతులు మాత్రం మెత్తగా కదులుతున్నాయి. చిమటాతో అరచేతిలోంచి నల్లటి పొరలు ఒక్కొక్కటే లాగుతూ స్టీలు పళ్లెంలో పెడుతోంది. పిచ్చుక పైకప్పు చూస్తూ పళ్లు బిగపట్టాడు.

నర్సు ఆగింది. చిమటా చివర ఏదో పొడుగ్గా వేలాడింది.

"ఇదేంటి, దారమా?"

సగం మాడిన తెల్లదారం. దాని పక్కనే రెండో వరస.

అక్క నోరు తెరిచేలోపు పిచ్చుకే అన్నాడు, పైకప్పు మీదనుంచి చూపు తిప్పకుండా. "దుప్పటిదై ఉంటుంది సిస్టర్."

దుప్పటా? ఏ దుప్పటి? అక్కకు అర్థం కాలేదు. నొప్పికి ఏదో వాగుతున్నాడనుకుంది.

మర్నాడు పొద్దున్న ఫైరాఫీసు ఇన్‌స్పెక్టరు వార్డుకు వచ్చాడు. అక్క ఫ్లాస్కులో టీ పట్టుకుని వచ్చేసరికి అతను మంచం పక్క స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడి చేతులు రెండూ దిండ్లమీద ఎత్తి పెట్టి ఉన్నాయి, బాక్సింగ్ ఆడేవాడి చేతుల్లా.

"నేనే సార్. చలేస్తోందని దుప్పటి తెచ్చుకున్నాను. కాళ్లమీద కప్పుకునేది పెట్టెమీద పడేశాను. ఫ్యాన్లకు అడ్డం పడింది."

"కెప్టెన్ ఏమీ చెప్పలేదా?"

"వద్దని చెప్పాడు సార్. నేనే వినలేదు."

ఇన్‌స్పెక్టరు మొహం తేటపడింది. నిజం దొరికినందుకు కాదు, పని తొందరగా తేలినందుకు. "చదువుకున్నవాళ్లయ్యుండి ఇదేం పనయ్యా" అని లేచాడు. "రాసుకొస్తాను. సంతకం పెడుదువుగాని."

అతను వెళ్లేదాకా అక్క ఫ్లాస్కు మూత బిగిస్తూనే నిలబడింది. తర్వాత మంచం దగ్గరికి వచ్చింది.

"నీకు మతిపోయిందా?"

"టీ పొయ్యి అక్కా."

"దుప్పటెక్కడిదిరా? పీలికలు పీలికలుగా నీ చేతుల్లోంచి తీసింది దుప్పటా? వాడికేం బాకీపడ్డావని వాడి తప్పు నెత్తినేసుకుంటున్నావు?"

"అరవకు. పక్క మంచం పెద్దాయన ఇప్పుడే పడుకున్నాడు."

"పెద్దాయన నిద్ర సంగతి నాకెందుకు! డాక్టరేమన్నాడో విన్నావుగా. వేళ్లు ముడుచుకుంటాయో లేదో చెప్పలేమన్నాడు. గ్లాసు పట్టుకోలేవురా. చొక్కా గుండీ పెట్టుకోలేవు. ఆ వెధవ మాత్రం..."

"టీ పోస్తావా, సిస్టర్‌ని అడగనా?"

పోసింది. తల కింద చెయ్యి పెట్టి లేపి, గ్లాసు పెదాలకు ఆనించింది. తాగుతున్నంతసేపూ అతని కళ్లు ఆమె వైపు తిరగలేదు. ఇదివరకు వాడు అబద్ధమాడితే పట్టుకోవడం ఆమెకు చిటికెలో పని, వెంటనే నవ్వేసేవాడు. ఈసారి నవ్వలేదు. అదే ఆమెను భయపెట్టింది.

సంగతి చెప్పింది గుండు. సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర తచ్చాడుతూ దొరికాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

"పిచ్చుక నీకు చెప్పొద్దన్నాడు అక్కా. ఒట్టేయించుకున్నాడు కూడా."

"ఒట్టు గట్టున పెట్టు. చెప్పు."

"అంబులెన్స్‌లో కెప్టెన్ కూడా ఎక్కాడు కదా. నేనూ ఉన్నాను. దారిలోనే చెప్పాడు." గుండు గొంతు తగ్గించాడు. "'కవరు నేను కుట్టలేదు, మీ అక్క కుట్టింది. కేసంటూ అయితే మొదటి పేరు ఆమెదే. మిషను కూడా పట్టుకుపోతారు. దుప్పటని చెప్పావా, ఎవరి మీదా ఏమీ ఉండదు. ఆసుపత్రి సంగతి నేను చూసుకుంటాను' అన్నాడు. వీడు చేతులు కాలి గిలగిల్లాడుతున్నాడక్కా. అంత నొప్పిలోనూ 'అక్క పేరు రాకూడదు, అక్క పేరు రాకూడదు' అన్నాడు."

అక్క గేటు చువ్వ పట్టుకుంది. రోడ్డుమీద బస్సు ఆగింది, జనం దిగారు, మళ్లీ కదిలింది. ఆమెకు తన చేతులే కనిపిస్తున్నాయి. తొడుగు లోపల తడుముతూ, సందు మిగిలిందేమోనని వెతుకుతున్న చేతులు.

"మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావు?"

"రేపట్నుంచి గది తెరుస్తున్నాడు. రమ్మన్నాడు." గుండు నేలచూపులు చూశాడు. "వెళ్లాలి కదా."

కెప్టెన్ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. పళ్ల సంచీ మంచం కింద పెట్టాడు. పిచ్చుక నుదుటిమీద చెయ్యి వేసి "హీరో!" అన్నాడు. తర్వాత అక్కను వరండాలోకి పిలిచాడు.

"నీకు చెప్పనవసరం లేదు. వాడు నాకూ తమ్ముడే. గదిలో కుర్చీ ఎప్పటికీ వాడిదే."

అక్క లోపలి మంచంవైపు చూసింది.

"ఇంకోమాట. కాలిపోయిన పెట్టె బదులు ఇంకోటి తెచ్చాను. కొలతలు అవే. ఒక్క కవరు కుట్టి పెట్టు. ఈసారి గుడ్డ కాస్త మంచిది వేద్దాం, ఏం?"

ఆమె తల తిప్పి అతని మొహంలోకి చూసింది. ఎక్కడైనా కాస్త సిగ్గు కనబడుతుందేమోనని వెతికింది. ఫోన్లో టైము చూసుకుంటున్నాడు.

"మిగతావి తీసేశారా?"

"ఏవి?"

"నేను కుట్టినవి."

"వాటికేమైంది, శుభ్రంగా ఉన్నాయిగా. నీ పని గట్టిది అక్కా."

పక్కనుంచి స్ట్రెచరు తోసుకుపోతున్నారు. ఇద్దరూ గోడకు ఒదిగారు. స్ట్రెచరు వెళ్లేసరికి కెప్టెన్ మెట్లు దిగుతున్నాడు, ఫోన్లో ఎవరితోనో "రెడీ సార్, ఈరోజు డబుల్ మ్యాచ్" అంటూ.

అక్క లోపలికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు అవతలి తలుపునుంచి వచ్చి కూర్చున్నాడు. చేతిలో కాగితం, సిరా పెట్టె. చదివి వినిపించాడు. చలి, దుప్పటి, కుర్రాడి నిర్లక్ష్యం, యజమాని హెచ్చరిక. పిచ్చుక ప్రతి మాటకూ తల ఊపాడు.

"సంతకం పెట్టు. లేదా వేలిముద్ర."

అప్పుడు ఇద్దరూ ఒకేసారి ఆ కట్లవైపు చూశారు. బొటనవేలు కూడా లోపలే ఉంది. పిచ్చుక నవ్వబోయాడు. "కాలివేలు పనికొస్తుందా సార్?"

"నీ తరఫున ఎవరైనా పెట్టొచ్చు. ఈవిడ ఎవరు?"

"అక్క."

"అయితే నువ్వే పెట్టమ్మా. ఇక్కడ."

పెన్ను ఆమె చేతికిచ్చాడు. అక్క తీసుకుంది. తమ్ముడి కళ్లు ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి ఆమెను సూటిగా చూశాయి. పెట్టెయ్యి అంటున్నాయి. బతిమాలుతున్నాయి.

ఆమె పెన్నుకు మూత పెట్టి ఇన్‌స్పెక్టరు ఒళ్లో పెట్టింది.

"దుప్పటి లేదు. కవరు ఉంది. ఫోముతో కుట్టింది. కుట్టింది నేనే."

"అక్కా!"

"నువ్వూరుకో. వెనక గాలి వదిలితే కెప్టెన్ మూసెయ్యమన్నాడు. మూసేశాను. తప్పని మనసుకు తోచింది, అయినా మూసేశాను. అది రాయండి."

ఇన్‌స్పెక్టరు కాగితంవైపు చూసుకున్నాడు. మళ్లీ మొదటినుంచి రాయాలన్న బాధ మొహంలో కనిపించింది. "అమ్మా, నువ్వేం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? అలా రాస్తే కేసులో నీ పేరొస్తుంది."

"రానివ్వండి. నా పేరే కదా మీ అందరికీ అడ్డం. రాసెయ్యండి, వదిలిపోతుంది."

"ఆవిడ మాటలు పట్టించుకోకండి సార్. బెంగతో మాట్లాడుతోంది..." పిచ్చుక లేవబోయాడు. అలవాటుకొద్దీ చేతులు ఆనించాడు. నొప్పి మోచేతులదాకా పాకింది కాబోలు, మళ్లీ దిండుమీద పడ్డాడు. వార్డంతా ఇటు తిరిగింది. పక్క మంచం పెద్దాయన లేచి కూర్చున్నాడు.

అక్క వంగి అతని మొహం తుడిచింది. "నన్ను కాపాడతావుట్రా నువ్వు? ఈ చేతులతోనా? రేపు అక్కడ ఇంకొకడి చేతులు కాల్తే వాడి అక్కకేం చెప్పను?"

చాలాసేపు అతను ఏడ్చాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా అతనికి చేతులు లేవు. ఆమె కొంగు తడిసింది. ఆ తర్వాత పైకప్పుతో కాదు, ఇన్‌స్పెక్టరుతో మాట్లాడాడు.

"ఫ్యాన్ల వేగం తగ్గించింది కెప్టెనే సార్. సప్లైలు మార్పించిందీ అతనే. అందరి పెట్టెలూ కప్పే ఉన్నాయి. ఇప్పుడు కూడా."

ఇన్‌స్పెక్టరు కాగితం నాలుగుగా మడిచాడు. "సరే. వేరే రాయిస్తాను. రేపు పొద్దున్న వీలు చూసుకుని గది చూస్తాం."

"రేపా?" అంది అక్క. "ఇప్పుడు ఆడుతున్నారు సార్ అక్కడ."

"మాకూ పద్ధతులుంటాయమ్మా."

ఆమె పద్ధతుల కోసం ఆగలేదు. బస్సెక్కింది. సందు మొదట్లో దిగి, తన కొట్టుకేసి చూడకుండా మెట్లెక్కింది.

తలుపు తోయగానే వేడి మొహాన కొట్టింది. గోడమీద మసి తుడిచిన మరకలు. బల్లల వెంట వరసగా వీపులు, చెవులకు హెడ్‌ఫోన్లు, వేళ్ల టకటకలు. "ఏం కొట్టారు సార్!" అని ఒకడు మురిసిపోతున్నాడు. అతని మోచేతి పక్కనే నల్ల తొడుగు, ఆమె పైపింగు. తమ్ముడి కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. ఎప్పటికీ వాడిదే అన్న కుర్చీ! ఆమె పక్క పెట్టె కొత్తది, ఇంకా తొడుగు రాలేదు. వచ్చేదాకా ఆగలేక దానిమీద మడతపెట్టిన తువ్వాలు కప్పారు.

అక్క తువ్వాలు తీసింది. అమ్మాయి ఉలిక్కిపడి చూసింది.

"మైకులో గోలొస్తుందండీ. కెప్టెన్ తిడతాడు."

"చెయ్యి పెట్టి చూడు."

అమ్మాయి పెట్టెమీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. గుండు ఇటు తిరిగాడు. అక్కను చూశాడు. హెడ్‌ఫోన్ ఒక చెవిమీద నుంచి జరిపాడు, లోపలెవడో అరుస్తున్నా సరే. తన పెట్టె తొడుగు రెండు చేతులతో పట్టుకున్నాడు. బిగువుగా ఉంది, రాలేదు. అక్క వెళ్లి అవతలి అంచు పట్టుకుంది. ఇద్దరూ లాగితే ఊడింది. మిగతావాళ్లు చూస్తున్నారు. ఎవరూ లేవలేదింకా.

వాళ్లెందుకు లేవలేదని అడక్కండి. లేస్తే రేపు ఆ కుర్చీలో ఎవరుంటారో వాళ్లకు తెలుసు. పిచ్చుక చేతులు మీరెవరూ తిరిగివ్వలేరు. ఆ గదిలో మిగిలిన చేతులున్నాయి, వాటి సంగతి చూడండి. ప్రతి పెట్టెమీదా తొడుగు ఊడబీకండి. కిటికీల చెక్కలు పీకించండి. తొడుగు తీసిన పాపానికి ఒక్కరి కుర్చీ కూడా పోకుండా చూడండి. కాలిన చేతుల వైద్యం, ఆ చేతులకు జీవితాంతం కూడూ కెప్టెన్‌తో పెట్టించండి. కేసులో మొదటి వరసలో అతని పేరు రాయండి. దాని కింద అక్క పేరు కూడా రాయండి, రాయమని ఆమే చెబుతోంది. రేపు పొద్దున్న వీలు చూసుకుని కాదు ఇన్‌స్పెక్టరు బాబూ. లే. చెప్పులు తొడుక్కో. ఇప్పుడే బయల్దేరు.